బీ12 సూదులు తర్వాత, ముందు సింకు కింద సీసా

ప్రశ్న: మాది హిందూపురం దగ్గర పల్లె. పెళ్లయి బెంగళూరు వచ్చి తొమ్మిదేళ్లయింది. లగ్గెరెలో ఉంటున్నాం. మా ఆయన పీణ్యలో ఒక ప్లేటింగ్ షాపులో పని చేస్తారు. వెండి పూత, రాగి పూత వేసే సైనైడ్ ట్యాంకుల దగ్గరే ఆయన డ్యూటీ. పోయిన నెల అక్కడ ఒక హెల్పర్ కుర్రాడు కళ్లు తిరిగి పడిపోతే నిమ్మరసం, మజ్జిగ తాగించారట. పది నిమిషాలకు లేచి కూర్చున్నాడట. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. మా మరిది ఫోన్లో చూసి, "సైనైడ్‌కు విరుగుడు బీ12 ఇంజెక్షనే వదినా, మెడికల్ షాపులో దొరుకుతుంది, ఒక పెట్టె కొని ఫ్రిజ్‌లో పెట్టుకుందాం" అంటున్నాడు. ఓనర్ ఆఫీసులో విరుగుడు డబ్బా ఒకటి ఉందట కానీ ఎప్పటిదో తెలియదు. మా అత్తయ్యేమో బెల్లం తింటే విషం విరిగిపోతుందంటారు. ఏది నమ్మాలి? ఇంకో మాట. శ్రావణమాసంలో వెండి కుందులు మెరుగు పెట్టడానికి మా ఆయన షాపు నుంచి సీసాలో కొంచెం నీళ్లు తెచ్చారు. మిగిలింది సింకు కింద ఉంది. దానివల్ల ఏమైనా ఇబ్బందా? ఇద్దరు పిల్లలు, చిన్నవాడికి నాలుగేళ్లు. పేరు వేయకండి.

జవాబు: అమ్మా, మీరు చివర్లో "ఇంకో మాట" అని రాశారే, నేను దాంతోనే మొదలుపెడతాను. మిగతా ఉత్తరమంతా ఎప్పుడో జరగవచ్చేమో అన్న భయం. ఆ సీసా మాత్రం ఇప్పుడు, ఈ నిమిషంలో, మీ వంటింట్లో ఉంది.

వెండిని తళతళలాడించే షాపు నీళ్లలో సైనైడ్ ఉండే అవకాశం చాలా ఎక్కువ. మీవారిని అడగండి. ఆయన "ఏమో" అన్నా సరే, ఉందనే అనుకోండి. చూడటానికి మంచినీళ్లలాగే ఉంటుంది. బహుశా తెచ్చింది కూడా తాగే నీళ్ల సీసాలోనే అయ్యుంటుంది. నాలుగేళ్ల పిల్లవాడికి సింకు కింద తలుపు ఎంత ఎత్తులో ఉంటుందో ఒకసారి మీరే వంగి చూడండి.

చేతికి గ్లవ్స్ వేసుకుని మూత గట్టిగా బిగించండి. సీసా మీద కాగితం అంటించి "విషం" అని పెద్దగా రాయండి. పిల్లలకు అందని చోట, నిలువుగా పెట్టండి. రేపు పొద్దున మీవారు డ్యూటీకి వెళ్లేటప్పుడు దాన్ని షాపుకే తిరిగి పట్టుకెళ్లాలి. సైనైడ్ నీళ్లను వేరుగా శుద్ధి చేసే ఏర్పాటు ఉండాల్సింది అక్కడే. దయచేసి సింకులోనో బాత్రూంలోనో పారబోయకండి. బాత్రూం కడిగే యాసిడ్‌తో అది కలిస్తే విషవాయువు పుడుతుంది. కుందుల్ని కూడా పంపు కింద బాగా కడగండి. వాటిని నానబెట్టిన గిన్నెను మాత్రం వంటకు వాడొద్దు.

ఇది అయ్యాకే కింది మాటలు చదవండి. తొందరేం లేదు.

మీ మరిది చెప్పినదాంట్లో సగం నిజముంది. ప్రమాదమంతా ఆ సగంలోనే ఉంది. సైనైడ్‌కు ఇప్పుడున్న మంచి విరుగుడు నిజంగానే బీ12 కుటుంబానికి చెందినదే. దాని పేరు హైడ్రాక్సోకోబాలమిన్. ఫ్రాన్స్‌లో 1996లో, అమెరికాలో 2006లో దీన్ని సైనైడ్ విరుగుడుగా ఆమోదించారు. ఈ మందు అణువులో కోబాల్ట్ అనే లోహం ఉంటుంది. సైనైడ్‌కు కోబాల్ట్ అంటే మహా ఇష్టం. ఒంట్లో ఎక్కడున్నా వచ్చి దాన్ని పట్టుకుంటుంది. రెండూ కలిస్తే తయారయ్యేది సయనోకోబాలమిన్, అంటే మామూలు బీ12 విటమిన్! మూత్రపిండాలు దాన్ని నెమ్మదిగా బయటికి పంపేస్తాయి. విషం మన ఒంట్లోనే విటమిన్‌గా మారిపోవడం, నన్నడిగితే, వైద్యంలోని అందమైన విషయాల్లో ఒకటి.

ఇక లెక్క చూడండి. పెద్దవాళ్లకు ఇచ్చే మొదటి మోతాదు 5 గ్రాములు. సీసాలో ముదురు ఎర్రటి పొడి ఉంటుంది. దాన్ని 200 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి 15 నిమిషాల్లో నరంలోకి ఎక్కిస్తారు. అవసరమైతే ఇంకో 5 గ్రాములు. కాళ్ల తిమ్మిర్లకు డాక్టరు రాసే బీ12 సూదిలో ఉండేది ఒక మిల్లీగ్రాము, లేదా దానికి కాస్త అటూ ఇటూ. ఒక మిల్లీగ్రాము చొప్పున 5 గ్రాములు కావాలంటే 5,000 సూదులు. మీ ఫ్రిజ్ సంగతి అటుంచండి, మీ వీధిలోని మెడికల్ షాపులన్నీ ఖాళీ చేసినా చాలవు. పైగా మన దగ్గర ఎక్కువగా అమ్మేది మిథైల్‌కోబాలమిన్. అది విరుగుడుగా పని చేసే రకం కాదు. సయనోకోబాలమిన్ అయితే చేతిలో అప్పటికే సైనైడ్ పట్టుకుని ఉంటుంది, ఇంకోదాన్ని ఎలా పట్టుకుంటుంది? మీ మరిదికి ఈ లెక్క చూపించండి. మంచి మనసుతోనే చెప్పాడు, కోప్పడకండి.

బెల్లం మాట. చక్కెరకూ సైనైడ్‌కూ పడదన్న కథ ప్రపంచమంతా ఉంది, మీ అత్తయ్యగారు ఒక్కరే కాదు. విషం ఎక్కిన మనిషిని బెల్లం, మజ్జిగ, చింతపండు నీళ్లు ఏవీ కాపాడలేవు. స్పృహ లేని మనిషి నోట్లో ఏది పోసినా అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ హెల్పర్ కుర్రాడు మజ్జిగ వల్ల లేవలేదు. ఎండకు వేడెక్కిన రేకుల షెడ్డులో ఉత్తి కడుపుతో నిలబడినందుకు పడిపోయి ఉండొచ్చు. లేదా కొద్దిగా గ్యాసు పీల్చి, బయట గాలి తగిలాక తేరుకుని ఉండొచ్చు. రెండింట్లో ఏదన్నది ఉత్తరం చదివి చెప్పలేం. వెంటనే ఆస్పత్రిలో చూపించి ఉండాల్సింది. ఆ రోజు ట్యాంకు దగ్గర ఏం జరిగిందో కూడా ఎవరైనా ఆరా తీయాల్సింది.

సైనైడ్ ఒంట్లో ఏం చేస్తుందో తెలిస్తే మిగతాదంతా సులభంగా అర్థమవుతుంది. అది మొదట పట్టేది ఊపిరినీ కాదు, రక్తాన్నీ కాదు. కణాల లోపల ఆక్సిజన్‌ను వాడుకునే ఎంజైమ్ ఒకటుంది. అందులో ఇనుము ఉంటుంది, సైనైడ్ పోయి దాన్ని పట్టుకుని కూర్చుంటుంది. వాకిట్లో బియ్యం బస్తాలు దిగుతూనే ఉంటాయి, వంటింట్లో మాత్రం పొయ్యి ఆరిపోయింది. ఇంట్లో అందరూ ఆకలితో పోతారు. మెదడు, గుండె ముందు దెబ్బ తినేది అందుకే.

కరోనా రోజుల్లో మనమంతా వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్ కొన్నాం కదా, ఇక్కడ అది మోసం చేస్తుంది. మనిషి కొట్టుమిట్టాడుతున్నా 98, 99 చూపిస్తుంది. రక్తంలో ఆక్సిజన్ నిజంగానే ఉంది మరి, వాడుకునేవాడే లేడు.

నేను ఈ ఊరి క్యాజువాలిటీల్లో ముప్పై ఏళ్లు పని చేశాను. ఒక రాత్రి ప్లేటింగ్ షాపు కుర్రాడిని ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు. ఫిట్స్, ఊపిరి ఎగబోత, ఆపైన స్పృహ లేదు. నర్సు చేతి నరంలోంచి రక్తం తీసి ట్యూబు నా ముందు పెట్టింది. నరంలోని రక్తం మామూలుగా నేరేడుపండు రంగులో ఉంటుంది. అది కొత్త కుంకుమలా ఎర్రగా ఉంది. ధమని గుచ్చేశావా అని అడిగాను. లేదు సార్, నరమే అంది. కణాలు ఆక్సిజన్ వాడుకోలేనప్పుడు రక్తంలో పెరిగే లాక్టేట్ చూస్తే ఆకాశంలో ఉంది. సైనైడ్ అనుకోవడానికి మాకు అంతే చాలు. రక్తంలో సైనైడ్ ఎంతుందో చెప్పే పరీక్ష రిపోర్టు వచ్చేసరికి మనిషి బతకడమో పోవడమో తేలిపోతుంది. అందుకే ఎవరూ దానికోసం ఆగరు.

మా దగ్గర విరుగుడు లేదు. ఇంకో ఆస్పత్రిలో ఉందని తెలిసి ఒక వార్డుబాయ్‌ని బైక్ మీద పంపాం. అది వచ్చేసరికి 40 నిమిషాలు. ఆ 40 నిమిషాలూ కుర్రాడిని నిలబెట్టింది గొంతులో గొట్టం, నూరు శాతం ఆక్సిజన్, బీపీ మందులు, ఫిట్స్ ఆపే సూది. ఈ సంగతి మీకు ముఖ్యం. విరుగుడు లేకుండా కేవలం ఈ సేవతోనే బతికి బయటపడ్డవాళ్లు ఉన్నారు. "మందు లేదు కాబట్టి వేరే చోటికి తీసుకెళ్లండి" అని గేటు దగ్గరే తిప్పి పంపడం మాత్రం ఘోరం. ముందు ఊపిరి నిలబెట్టాలి, ఆ తర్వాతే మందు వేట.

వచ్చింది పాత జంట మందు. 1933లో అమెరికాలో చెన్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు కుదిర్చిన జంట అది: సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్. నైట్రైట్ చేసే పని కొంచెం గడుసు పని. రక్తంలోని కొంత హిమోగ్లోబిన్‌ను కావాలనే పాడు చేసి, అందులోని ఇనుమును సైనైడ్‌కు ఎరగా చూపిస్తుంది. సైనైడ్ కణాన్ని వదిలి ఎర వైపు వస్తుంది. పాడైన హిమోగ్లోబిన్ ఆక్సిజన్ మోయలేదు కాబట్టి ఆ ఎర ఎక్కువైతే అదే ప్రాణం తీస్తుంది. బీపీ కూడా పడిపోతుంది. ఆ రాత్రి నైట్రైట్ ఎక్కాక కుర్రాడి పెదాలు బూడిదరంగుకు తిరిగాయి. అప్పటిదాకా 99 చూపించిన ఆక్సీమీటర్ 85కి దిగింది. కొత్తగా చేరిన డాక్టరమ్మ కంగారు పడింది. మందు పని చేస్తున్నప్పుడు కనిపించే రంగు అదేనమ్మా అన్నాను కానీ, నా గుండె కూడా కొట్టుకుంటూనే ఉంది. తర్వాత 50 మిల్లీలీటర్ల పెద్ద సిరంజిలో థయోసల్ఫేట్, నెమ్మదిగా. తెల్లవారుజామున కుర్రాడు గొట్టం పీకేయబోయి చేతులు కట్టించుకున్నాడు. మాకు అంతకంటే మంచి వార్త లేదు.

థయోసల్ఫేట్ పేరు వింటే కొత్తగా ఉంటుంది కానీ, అది మీ ఊళ్లో పశువుల డాక్టరు సంచిలో ఉండే హైపోనే. మాది జమ్మలమడుగు వైపు. వానలు ముఖం చాటేసిన ఏడు జొన్న గిడసబారి నిలబడుతుంది. అలాంటి లేత జొన్నలో సైనైడ్ పుట్టించే పదార్థం దండిగా ఉంటుంది. నా చిన్నప్పుడు కట్టు తెంచుకున్న మా ఎర్రావు అందులో పడి మేసింది. అరగంటలో నురగ కక్కుతూ కూలబడింది. డాక్టరు సైకిల్ మీద వచ్చి మెడ నరంలోకి మందు ఎక్కించాడు. ఫోటో స్టూడియోల్లో ఫోటోలు కడగడానికి వాడే ఉప్పే ఇది అన్నాడు మా నాన్నతో. ఆవు లేచింది. మీ నాన్నగారిని అడగండి, అలాంటి కథ ఆయన దగ్గరా ఒకటి ఉంటుంది. మన ఒంట్లో కూడా సైనైడ్‌ను హాని లేనిదిగా మార్చే ఎంజైమ్ ఉంది. కర్రపెండలం, అవిసె గింజల ద్వారా వచ్చే కొద్దిపాటి సైనైడ్‌ను అదే చూసుకుంటుంది. దానికి కావలసిన ముడిసరుకు గంధకం. హైపో ఇచ్చేది ఆ గంధకాన్నే. ఒక లోటు ఏమిటంటే ఇది నిదానంగా పని చేస్తుంది, అందుకే ఒంటరిగా కాకుండా జంటగా వాడతారు. దీన్ని కూడా కొని ఇంట్లో పెట్టుకుందామా అనకండి. నరంలోకి శుద్ధమైన మందు ఎక్కించడం ఆస్పత్రి పని.

ఓనర్ ఆఫీసులోని డబ్బా సంగతి. అది బహుశా అమైల్ నైట్రైట్ అనే మందు ఉన్న చిన్న గాజు ఆంప్యూల్స్ అయ్యుంటుంది. గుడ్డలో నలిపి ముక్కు దగ్గర పెట్టేవి. త్వరగా పాడవుతాయి, నిప్పంటుకుంటే భగ్గుమంటాయి. డేటు దాటిన డబ్బా ఉండటం కంటే లేకపోవడమే నయం. "మందు ఉందిలే" అన్న ధైర్యం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు. డేటు ఉన్నదైనా, ఎండదెబ్బకు పడిపోయినవాడికి వాసన చూపిస్తే బీపీ ఇంకా పడుతుంది. బ్రిటన్‌లో ఫ్యాక్టరీల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఇలాంటి విరుగుళ్లను ఫస్ట్ ఎయిడ్‌లో వాడమని చెప్పడం ఎప్పుడో మానేసింది. దాని బదులు ఆక్సిజన్ ఇవ్వడం నేర్చుకున్న మనిషి ఉండాలంటుంది. నా మాటా అదే. ఓనర్ డబ్బు పెట్టాలనుకుంటే ఆక్సిజన్ సిలిండర్, మాస్క్, ఇద్దరికి ట్రైనింగ్ మీద పెట్టాలి.

మీవారికి మాత్రం ఈ కొన్ని మాటలు నోటికి వచ్చేదాకా చెప్పండి. గ్యాసు ఉన్న చోట మనిషి పడితే లోపలికి పరుగెత్తకూడదు. తెలిసినవాడు పడ్డాడని ఊపిరి బిగబట్టి వెళ్లినవాడు రెండో మనిషి అవుతాడు, వాణ్ని లాగడానికి పోయినవాడు మూడో మనిషి. సొంత సిలిండర్‌తో ఊపిరి పీల్చే మాస్క్ ఉన్నవాళ్లే వెళ్లాలి. ముక్కుకు కర్చీఫ్ కట్టుకుంటే పని జరగదు. చేదు బాదం వాసన వస్తుందంటారు, దాన్ని నమ్ముకోకూడదు. కొంతమంది ముక్కుకు పుట్టుకతోనే ఆ వాసన తెలియదు. బయటికి తెచ్చాక తడిసిన బట్టలు తీసేసి ఒళ్లు నీళ్లతో కడగాలి, కడిగేవాళ్లు గ్లవ్స్ వేసుకోవాలి. ఊపిరి ఆగితే ఛాతీ నొక్కాలి కానీ, నోటితో నోట్లోకి ఊదకూడదు. మింగినా సరే వాంతి చేయించకూడదు. 108కి ఫోన్ చేసినప్పుడు, క్యాజువాలిటీ గేటు దగ్గర దిగినప్పుడు, మొట్టమొదటి మాట "సైనైడ్" కావాలి. కన్నడమైనా తెలుగైనా ఆ మాట ఒక్కటే, తడుముకోనక్కర్లేదు. "కళ్లు తిరిగి పడిపోయాడు" అని మొదలుపెడితే మేం షుగర్ చూస్తూ కూర్చుంటాం.

ఇంతకీ మీరు చేయగలిగిన పెద్ద పని ఒకటుంది, దానికి ఫోన్ ఒక్కటి చాలు. షాపుకు దగ్గర్లోని రెండు మూడు పెద్ద ఆస్పత్రుల క్యాజువాలిటీలకు ఇప్పుడే ఫోన్ చేసి అడగండి: "సైనైడ్ విరుగుడు మీ దగ్గర స్టాక్ ఉందా? హైడ్రాక్సోకోబాలమినా, నైట్రైట్ థయోసల్ఫేటా?" మన దేశంలో చాలా ఆస్పత్రుల్లో ఈ రెండూ ఉండవు. మొదటిదైతే ఖరీదు ఎక్కువ, దొరకడం మరీ కష్టం. మీవారికి ఈఎస్ఐ ఉంటే రాజాజీనగర్ ఈఎస్ఐ ఆస్పత్రిలోనూ అడగండి. ఉన్న చోటి పేరు, దారి షాపు గోడ మీద రాయించండి. గొరగుంటెపాళ్య సిగ్నల్ దగ్గర సాయంత్రం ఆరింటికి అంబులెన్స్ ఎలా పాకుతుందో మీకు నేను చెప్పాలా? దారి ముందే తెలియాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117, రాత్రీ పగలూ పలుకుతుంది. అది కూడా గోడ మీద ఉండాలి.

షాపులో మీవారు కళ్లు తెరిచి చూడాల్సినవి కూడా ఉన్నాయి. యాసిడ్ తొట్టి, సైనైడ్ తొట్టి పక్కపక్కనే ఉన్నాయా, రెండింటి నీళ్లూ ఒకే కాలువలోకి పోతున్నాయా? పోతుంటే అది ఈ రోజే ఆపాల్సిన పని. తొట్టి అంచున గాలి లాగే ఫ్యాను తిరుగుతోందా? సైనైడ్ డబ్బాలకు తాళం, ఎంత తీశారో రాసే పుస్తకం ఉన్నాయా? తాళం దొంగల కోసం మాత్రమే కాదు, మనసు బాగోలేని రోజున ఎవరి చేతికీ అది అందకూడదు. అలాంటి రోజు అక్కడ ఎవరికి వచ్చినా, మనసు బాధలు వినే ప్రభుత్వ ఫోన్ సేవ టెలిమానస్ ఉంది, నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు. ఓనర్ పెడచెవిన పెడితే కర్ణాటకలో ఫ్యాక్టరీలు, బాయిలర్ల శాఖ ఉంది, ఫిర్యాదు చేయొచ్చు. ఉద్యోగం పోతుందన్న భయం నాకు తెలుసు. నలుగురు కలిసి అడిగితే ఒక్కడి మీద పడదు.

ఇంకో దారి కూడా అడగమనండి. నికెల్, క్రోమ్ పూతలకు సైనైడ్ అక్కర్లేదు. జింకు పూతకు సైనైడ్ లేని పద్ధతులు ఎప్పుడో వచ్చాయి. మీవారికి పని తెలుసు కాబట్టి అలాంటి లైనుకు మారే వీలుందేమో చూడొచ్చు. క్రోమ్ తొట్టికి దాని రోగాలు దానికున్నాయి, అది ఇంకో ఉత్తరం.

కుందుల సంగతి మరిచిపోయాను. మా ఇంట్లో వెండికి తడి గుడ్డ మీద కాస్త విభూతి వేసి రుద్దుతారు. షాపు నీళ్లంత మెరుపు రాదు, చెయ్యి కూడా నొప్పి పుడుతుంది. ఆ ఆస్పత్రులు ఫోన్‌లో ఏం చెప్పాయో మాత్రం నాకు రాయండి.